చెవికి చదువు

బాపట్లలోనో తెనాలిలోనో ఇంటర్ పూర్తిచేసిన పిల్లో పిల్లాడో "సౌండ్ ఇంజనీరింగ్ చదువుతా" అంటే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న, ఉద్యోగం వస్తుందా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఏ ఉద్యోగం అన్నది అంతకంటే ముందు తేల్చుకోవాలి. పాట, సౌండ్ అంటూ మనం ఒకే గాటన కట్టేసే దాంట్లో పనులు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి కావలసిన చదువు వేరు, చేతికి డబ్బు వచ్చే తీరు వేరు.

ఒక సినిమా పాటే తీసుకుందాం. బాణీ కట్టేది సంగీత దర్శకుడు. ఆ బాణీకి రిథమ్, స్ట్రింగ్స్, బేస్ అన్నీ కంప్యూటర్లో పేర్చేది కీబోర్డ్ ప్రోగ్రామర్. అసలు గాయకుడు వచ్చేలోపు ట్రాక్ సింగర్ పాడి పెడతాడు. గొంతునీ, వేణువునీ, వయొలిన్‌నీ మైకులో పట్టేది రికార్డిస్టు. అలా పోగైన ట్రాకుల్లో ఏది ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో తేల్చేది మిక్సింగ్ ఇంజనీరు. ఆ తర్వాత మాస్టరింగ్. సినిమా సౌండుది ఇంకో దారి. షూటింగ్ జరిగేచోట మాట పట్టే లొకేషన్ సౌండ్, డబ్బింగ్, అడుగుల చప్పుడూ గాజుల గలగలా స్టూడియోలో మళ్లీ చేసి పట్టే ఫోలీ, ఎఫెక్ట్స్, రీరికార్డింగ్, వీటన్నిటినీ కలిపే ఫైనల్ మిక్స్. "బాహుబలి"కి కీరవాణి ఇచ్చిన సంగీతం గురించి ఎంతో మాట్లాడుకున్నాం. ఆ సినిమాలకు సౌండ్ డిజైన్ చేసిన పి.ఎం. సతీష్ పేరు మాత్రం హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. ఈ చదువుకు వెళ్లే పిల్లలు ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది. పని ఎంత గొప్పదైనా పేరు తెర వెనకే ఉంటుంది.

బాపట్ల, తెనాలి ఉన్న ఈ తీరానికి గొంతుల లోటు ఎన్నడూ లేదు. సత్యభామ వేషానికి పెట్టింది పేరైన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతో ఆయన పేరు ముడిపడి ఉంది. ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి. మాధవపెద్ది సత్యం పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరులో పుట్టి, రంగస్థలం మీద పద్యం పాడి, సినిమా నేపథ్యగానానికి వెళ్లారు. అప్పట్లో సినిమా అంటే మద్రాసు, అక్కడికి వెళ్లే మెయిన్ లైను తెనాలి, బాపట్ల, చీరాల మీదుగా పోతుంది. రేపల్లె వాళ్లు తెనాలిలో బండి మారితే చాలు. తెనాలి చక్రపాణి మద్రాసులో నాగిరెడ్డితో కలిసి నడిపిన విజయా సంస్థ 1957లో తీసిన "మాయాబజార్"లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి గొంతిచ్చింది మాధవపెద్ది సత్యమే.

ఆ గొంతు రికార్డు కావడం వెనక ఎంత శాస్త్రం ఉందో ఆలోచించాలి. మైకు లేని రోజుల్లో నాటకంలో పద్యం ఆఖరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి కూడా వినబడాలి. అలా సానపట్టిన గొంతు స్టూడియోలో మైకు ముందుకొస్తే కథ మారిపోతుంది. మైకుకీ నోటికీ మధ్య దూరం సగం చేస్తే నేరుగా అందే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, రెట్టింపు చేస్తే అంత తగ్గుతుంది. రాగం తీస్తూ తల కొంచెం పక్కకు తిప్పినా తేడా తెలిసిపోతుంది. పైగా అప్పట్లో వాద్యబృందం, గాయకుడు ఒకేసారి పాడి వాయించేవారు. ఎక్కడ ఎవరు తడబడినా మళ్లీ మొదటినుంచి. ఏ వాయిద్యాన్ని మైకుకు ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నదే ఆనాటి మిక్సింగు. ఈరోజు తెర మీద వేలితో జరిపే ఫేడర్ పనిని ఆ ఇంజనీర్లు కుర్చీలు జరిపి చేశారు.

మైకు వెనక కూర్చున్న మనిషి ఒక గాయకుడి జీవితంలో ఎంత పని చేయగలడో చెప్పే ఉదంతం ఒకటుంది. గుంటూరులో పుట్టిన ఎస్.పి. కోదండపాణి 1966లో "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" చిత్రానికి బాలసుబ్రహ్మణ్యం చేత మొదటి పాట పాడించారు. టేపు చెరిపి మళ్లీ వాడుకునే రోజులవి. ఆ కుర్రవాడి పాట ఉన్న టేపును మాత్రం చెరపవద్దని, వచ్చిన సంగీత దర్శకులకు వినిపించాలని కోదండపాణి రికార్డింగ్ ఇంజనీరును కోరారు. ఆ ఇంజనీరు దాచి ఉంచారు. ఈ సంగతి బాలు చాలాసార్లు చెప్పుకున్నారు. తర్వాత తాను మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరే పెట్టుకున్నారు.

ఇక చదువు సంగతి. కోర్సులో చేరకముందే, ఫీజు ఒక్క రూపాయి కట్టకముందే మొదలుపెట్టగలిగిన భాగం ఒకటి ఉంది. అది వినడం. దానికి బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రతీరాన్ని మించిన బడి ఉండదని నా నమ్మకం.

ఫోనులో ఉండే మామూలు వాయిస్ రికార్డర్‌తో అక్కడ కెరటాల్ని రికార్డు చేసి ఇంటికొచ్చి వినండి. సముద్రం ఉండదు. ఏదో బుసబుస, మధ్యమధ్య గాలి కొట్టిన దబదబ ఉంటాయి. ఇందుకు కారణాలు మూడు. మనిషి మాట పట్టడానికి చేసిన యాప్, మాట కానిదాన్నంతా రొద అనుకుని నొక్కేస్తుంది. కెరటం హోరులో కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా అన్ని పౌనఃపున్యాలూ కలిసి ఉంటాయి కాబట్టి దాని లెక్కలో సముద్రం మొత్తం రొదే. రెండోది, ఫైలు చిన్నది చేయడానికి వాడే ఎంపీ3 లాంటి కుదింపులకు వేణునాదం కంటే ఇలాంటి హోరు కష్టం. తక్కువ బిట్‌రేటులో అది నీళ్లలో మునిగిన గొంతులా మారిపోతుంది. మూడోది గాలి. గాలి నేరుగా మైకు పొరను తోస్తుంది. అది మనం వినే సముద్రపు గాలి చప్పుడు కాదు, మైకుకు తగిలిన దెబ్బ. అందుకే మైకులకు స్పంజి తొడుగు, దానిమీద బొచ్చు తొడుగు వేస్తారు. 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేసే ఫిల్టరు పెడతారు.

ఇప్పుడు నొక్కుడు లేని రికార్డింగ్ యాప్‌తోనో, చిన్న చేతి రికార్డర్‌తోనో వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మళ్లీ పట్టాలి. సినిమా, వీడియో పనికి ఆ 48 వాడుక. లెవెల్ శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే పెద్ద కెరటం వచ్చినా పగలదు. తెల్లవారుజామున గాలి మందంగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం సముద్రపు గాలి ఎక్కినప్పుడు ఒకసారి. నీటి అంచున ఒకసారి, ఇసుక మీద వెనక్కి వచ్చి ఒకసారి, సరుగుడు తోటలో నిలబడి ఒకసారి. ఈ ఆఖరిదాంట్లోనే అసలు పాఠం ఉంది. సరుగుడు ఆకు సూదిలా ఉంటుంది కాబట్టి గాలికి బుసకొడుతుంది. ఆ బుస, దూరపు కెరటాల పైస్థాయి శబ్దం దాదాపు ఒకేలా ఉంటాయి. ఏది చెట్టు, ఏది నీరు అని కళ్లు మూసుకుని విడదీయగలిగిన రోజు చెవి పని మొదలుపెట్టినట్టు. నీటి అంచున పట్టిన దాంట్లో కెరటం విరిగే దెబ్బ, నురగ ఇసుకలో ఇంకేటప్పటి చిటపట, దూరపు గుమ్ము, మూడూ వేర్వేరుగా వినిపిస్తాయి. తెర మీద సముద్రపు సీను వచ్చినప్పుడు సౌండ్ డిజైనర్ వీటిని వేర్వేరు పొరలుగానే పేరుస్తాడు. మాట వచ్చేచోట దెబ్బ తగ్గిస్తాడు, చిటపట ఉంచుతాడు.

చెవి తర్వాత గది. ఇంట్లో స్టూడియో పెట్టుకుందామనుకునే పిల్లలకు దొరికేది సాధారణంగా పది అడుగుల గది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే మూడు మీటర్ల పైచిలుకు. ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. బేస్ గిటార్‌లో ఎ తీగ విడిగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. అంటే ఆ ఒక్క స్వరం గదిలో ఒకచోట బండలా మోగుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే అయితే ఈ గొడవ మూడింతలు. ఆ గదిలో కూర్చుని చేసిన మిక్స్‌లో బేస్ ఎక్కువైందనిపించి తగ్గిస్తాం, కారులో వింటే పాటకు కాళ్లే ఉండవు. గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటించడం వల్ల ఈ సమస్యకు ఒరిగేదేమీ లేదు. అవి పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడతాయంతే. మూలల్లో మందంగా, అడుగు లోతున దూది పరుపుల్లాంటివి నింపితే కొంత నయం. పాత బొంతలు గొంతు రికార్డింగుకు బాగా పనికొస్తాయి. ఫ్యాను ఆపాలి. మిక్స్‌ను గది స్పీకర్లలో, హెడ్‌ఫోన్స్‌లో, కారులో, ఫోనులో విని నాలుగూ బేరీజు వేసుకోవాలి. ఈ భౌతికశాస్త్రం ఇంటర్ పుస్తకంలో ఉంది. నిలిచిన తరంగాల పాఠాన్ని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేసిన పిల్లలు దాన్ని మళ్లీ తీసి చదవాలి.

సంగీతం రాకుండా సౌండ్ చేయొచ్చా? చేసేవాళ్లున్నారు. కానీ గాయని పల్లవి చివర స్వరం కాస్త దిగిందని పట్టలేని రికార్డిస్టును ఏ సంగీత దర్శకుడూ రెండోసారి పిలవడు. శ్రుతి, తాళం, రాగం తెలియాలి. అందుకు విజయవాడలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. బాలమురళీకృష్ణ దానికి మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల చదువుకున్నది 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అక్కడ ఆడిషన్ నెగ్గి గ్రేడు తెచ్చుకోవడం ఇప్పటికీ గాయకులకు, వాద్యకారులకు ఒక గుర్తింపే. ఊళ్లో హార్మోనియం మాస్టారు దగ్గరో, చర్చిలో కీబోర్డు వాయించే అన్న దగ్గరో నేర్చుకున్నదీ తక్కువ కాదు. బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల చర్చిల్లో ప్రతి ఆదివారం కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, మిక్సరు అన్నీ పనిచేస్తాయి. పన్నెండేళ్ల పిల్లలు అక్కడ మిక్సరు ముట్టుకుంటారు. తెలుగు క్రైస్తవ గీతాల రికార్డింగు సినిమాతో పనిలేకుండా సొంతంగా నడిచే పెద్ద రంగం.

పెద్ద చదువులకు వెళ్తే, పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి ఉంది. డిగ్రీ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి సౌండ్ విభాగంలో మూడేళ్లు చదవాలి. "స్లమ్‌డాగ్ మిలియనీర్"కు 2009లో ఆస్కార్ అందుకున్న కేరళవాసి రసూల్ పూకుట్టి అక్కడి విద్యార్థే. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిదే. ఈ రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలు, సీట్లు తక్కువ. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ, హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీ ప్రైవేటువి. వీటికి తోడు వీధికొకటిగా ఆరునెలల కోర్సులు వెలిశాయి. లక్షలు అడిగేచోట తల్లిదండ్రులు మొహమాటపడకూడదు. ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు కన్సోల్ మీద చేయి పెట్టనిస్తారు? పాఠం చెప్పేవాళ్లు ప్రస్తుతం ఏ సినిమాకో, ఏ ఆల్బమ్‌కో పనిచేస్తున్నారా? అసలైన వాద్యకారులను పిలిచి రికార్డు చేయిస్తారా, లేక కంప్యూటర్లో ఉన్న శాంపిల్స్‌తోనే సరిపెడతారా? పోయినేడు బయటికెళ్లినవాళ్లలో ఇద్దరితో మాట్లాడనిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు తటపటాయిస్తే లేచి వచ్చేయడం మేలు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్పే కోర్సుకు లక్షలు పెట్టనక్కర్లేదు. దాన్ని ఇంట్లో నేర్చుకోవచ్చు. డబ్బు పెట్టవలసింది మంచి గదికి, మంచి మైకులకు, పక్కన కూర్చుని తప్పు చెప్పే మనిషికి.

సర్టిఫికెట్ చూసి పని ఇచ్చే రంగం కాదిది. తెలుగు సినీ సంగీతంలో పని ఒకరి దగ్గర ఒకరు చేరి నేర్చుకున్నదే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన చక్రవర్తి దగ్గర కీరవాణి అసిస్టెంటుగా చేశారు. అదే కీరవాణి 2023 మార్చిలో "ఆర్ఆర్ఆర్" పాటకు చంద్రబోస్‌తో కలిసి ఆస్కార్ అందుకున్నారు. మణిశర్మ దగ్గర పనిచేసినవాళ్లలో తమన్ ఉన్నారు. అసిస్టెంటు అంటే మొదట్లో కేబుళ్లు చుట్టడం, ట్రాకులకు పేర్లు పెట్టడం, బ్యాకప్ తీయడం. రాత్రి రెండింటికి గాయకుడు వస్తానంటే మైకు పెట్టి కూర్చోవడం. మొదటి ఏడాది రెండేళ్లు చేతికొచ్చేది హైదరాబాద్ గది అద్దెకు కూడా చాలకపోవచ్చు. ఇంట్లోవాళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకుంటే పిల్లల మీద ఒత్తిడి తగ్గుతుంది. డబ్బింగ్, ఓటీటీ, ఆడియో పుస్తకాల పని దొరికితే ఆ లోటు కొంత పూడుతుంది. కృత్రిమ మేధతో గొంతులు పుట్టించే రోజులొచ్చాయి కాబట్టి డబ్బింగ్‌లో యాంత్రికమైన పని ముందుగా తగ్గేలా ఉంది. నటన తెలిసిన గొంతుకు, ఆ గొంతును పట్టడం తెలిసిన ఇంజనీరుకు పని ఉంటుంది.

ఇంటి దగ్గరే ఉండి చేసే పని కూడా ఉంది. దాన్ని ఎవరూ కెరీర్ అనరు. అది మైక్ సెట్ పని. పెళ్లి, తిరునాళ్ల, క్రిస్మస్ కూడిక, రాజకీయ సభ, ఏదైనా సౌండ్ వాళ్లు లేనిదే జరగదు. మైకు కూతపెట్టడం ఎందుకో తెలిసిన కుర్రవాడికి ఈ జిల్లాల్లో ఎప్పుడూ పని ఉంటుంది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరి, మళ్లీ ఆంప్లిఫయర్‌లో పెరిగి, మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది. అలా తిరుగుతూ ఒక స్వరం దగ్గర పట్టుకుని కూస్తుంది. స్పీకర్లను మైకుకు ముందు వైపు, జనం దిక్కుకు పెట్టాలి. మైకును నోటికి దగ్గర చేయాలి. కూసే స్థాయిని ఈక్వలైజర్‌లో వెతికి తగ్గించాలి. స్టూడియోలో తప్పు జరిగితే ఇంకో టేక్ ఉంటుంది. సభలో ఉండదు. అందుకే లైవ్‌లో నలిగినవాళ్లు స్టూడియోలోనూ త్వరగా నిలదొక్కుకుంటారు.

ఈ పనిలో చెవులు పోగొట్టుకుంటున్నవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 100కు చేరితే 15 నిమిషాలే. ఊరేగింపులో డీజే బండి పక్కన రాత్రంతా నడిచే కుర్రవాడు ఎన్ని రెట్లు దాటుతున్నాడో లెక్కవేసుకోవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి. మొదటి మైకు కంటే ముందు కొనవలసింది అవి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదన్న 2000 నాటి నిబంధన మైక్ సెట్ వాళ్లకు అడ్డుగా కనిపిస్తుంది గానీ, వాళ్ల చెవులకు అది రక్షణ.

హక్కుల సంగతి చాలామందికి తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగుకు కర్త ప్రొడ్యూసరే, మైకు పెట్టిన ఇంజనీరు కాదు. రికార్డింగు మీద హక్కు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. 2012 సవరణతో గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా, పాడినవారికి కూడా రాయల్టీ హక్కు దక్కాయి. రచయితలు, స్వరకర్తలు హక్కుల సొసైటీ ఐపీఆర్ఎస్‌లో, గాయకులు ఇసామ్రాలో (మొదట దాని పేరు ఇస్రా) సభ్యులవుతారు. ఇంజనీరుకు, ప్రోగ్రామర్‌కు ఈ వాటా లేదు. వాళ్లకు దక్కేది మాట్లాడుకున్న కూలి, తెర మీద పేరు. కాబట్టి రెండూ పని మొదలుకాకముందే కాగితం మీద రాయించుకోవాలి. ప్రోగ్రామర్ బాణీలో కూడా చేయివేస్తే, స్వరకర్తగా తన పేరు చేర్చాలని అప్పుడే అడగాలి. పాట హిట్టయ్యాక అడిగితే వినేవాళ్లుండరు.

పని వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు వినిపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. చాలామంది హిట్ పాటకు కవర్ చేసి పంపుతారు. అలాంటివి స్టూడియోలకు రోజూ వస్తాయి. తెనాలి, రేపల్లె పరిసరాల్లో పద్యనాటకం ఆడిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల పద్యాలు, వాళ్లకు హార్మోనియం వాయించినవాళ్ల చేతులు చక్కగా రికార్డయినవి చాలా తక్కువ. ఇది పిల్లలు చేయగలిగిన పని, ఈ ప్రాంతానికి అవసరమైన పని. చట్టంతోనూ చిక్కు లేదు. ఇద్దరు కలిసి రాసిన దాని మీద కాపీరైట్, ఆఖరున పోయినవారి మరణం తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు కాబట్టి "పాండవోద్యోగ విజయాలు" నాటకాల పద్యాల మీద హక్కు 2010తో తీరిపోయింది. పాడే పెద్దాయనకు మాత్రం తన గానం మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. అందుకని ఆయన సంతకంతో అనుమతి కాగితం తీసుకోవాలి, ఆదాయం వస్తే వాటా ఎంతో అందులోనే రాయాలి.

పాడేటప్పుడు ఆయన్ను మైకుకు అతుక్కుని నిలబడమనకూడదు. ఆ గొంతు దూరానికి అలవాటు పడింది. మైకు రెండు మూడడుగుల అవతల, కొంచెం పైన పెట్టి, హార్మోనియానికి వేరే మైకు పెట్టాలి. రాగం ఎత్తుకున్నప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుంది గనుక లెవెల్ మామూలు కంటే తక్కువలో ఉంచుకోవాలి. మొదట ఒక పద్యం పాడించి, ఆయనకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించి, అప్పుడు అసలు టేక్ తీయాలి. ఫైలు పేరులోనే పాడినవారి పేరు, వాయించినవారి పేరు, రాగం, శ్రుతి, తేదీ ఉండాలి. ఆ ఫైళ్లను రెండు వేర్వేరు డ్రైవుల్లో దాచి, ఒక కాపీ ఆ పెద్దాయన ఇంట్లోవాళ్లకు ఇచ్చాక, మంచివి రెండు మూడు ఏరి హైదరాబాద్ స్టూడియోలకు పంపవచ్చు.